కింది అంతస్తు హోరు

జూన్ 3

పిడుగుకి,

పలక మీద రాసి రాసి చేతికి సుద్ద పట్టేసింది. కాగితం మీద రాస్తుంటే హాయిగా ఉంది, చెరపక్కర్లేదు. గొంతు ఆపరేషను అయి తొమ్మిది రోజులు. ఇంకా ఐదు వారాలు నోరు విప్పకూడదట. గుసగుసలు కూడా వద్దన్నాడు డాక్టరు, అవి మాటకన్నా చేటట. ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకి పాట నేర్పిన మనిషి నోటికి తాళం వేస్తే ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో మీ అన్నయ్యనే అడుగు. పాపం, ఆయన కూడా నాకు సైగలే చేస్తున్నారు. మీకేమైంది, మీరు మాట్లాడొచ్చు కదా అని రోజుకోసారి పలక మీద రాయాల్సి వస్తోంది.

నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నా పాట దొరికింది.

నీకు తెలుసుగా, నీ చిన్నప్పుడు, మా పెళ్ళికి ముందు, నేను ఒక రికార్డు కంపెనీలో ఒకే ఒక పాట పాడాను. దాన్ని వాళ్ళు బయటికి తేలేదు. "పైస్థాయిలో గొంతు జారింది, శ్రుతి తప్పింది" అన్నాడు అక్కడి పెద్దమనిషి. నాకు వినిపించమంటే, విని ఏం చేస్తావమ్మా అన్నాడు. ఆ మాటతో వేదిక మానేశాను. బళ్ళో చేరాను. శ్రుతి తప్పినదాన్ని పిల్లలకి శ్రుతి నేర్పుతున్నానే అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మీ అన్నయ్య తన పుస్తకాల బైండింగు పనికి అట్టల కోసం పాత కాగితాల కొట్టుకి వెళ్తే, మూతపడిన ఆ కంపెనీ సామాను అక్కడ గుట్టగా పడి ఉందట. అందులో నమూనా రికార్డు ఒకటి, చుట్టూ చీటీ, చీటీ మీద నా సంతకం. నేను ఆసుపత్రిలో ఉండగానే ఎక్కడెక్కడో తిరిగి ఒక పాత రికార్డు ప్లేయరూ, యాంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ తెచ్చి ముందుగదిలో అమర్చి పెట్టారు. నేను ఇంటికి రాగానే ముల్లు దింపారు.

విన్నాను. ఆ పెద్దమనిషి అన్నది నిజమేననిపించింది. జారినట్టే ఉంది. ఏడ్చాను కూడా, చప్పుడు లేకుండా.

ఇంకో మాట. ఇంటికొచ్చినప్పటి నుంచీ గుయ్‌మని ఒకటే హోరు. పొద్దున్నా సాయంత్రమూ మరీ ఎక్కువ. తలంతా అదే నిండిపోతోంది. కరెంటు పని చేసేదానివి, నీకేమైనా తెలుస్తుందా?

నీ మాట్లాడని వదిన


జూన్ 6

వదినా,

ఉత్తరం అందగానే భయం వేసింది. పాట సంగతి తర్వాత రాస్తాను, ముందు నీ చెవుల సంగతి చూడు. ఆపరేషను తర్వాత హోరు రావడం మంచిది కాదు. మత్తు మందు వల్ల కావచ్చు, రక్తపోటు వల్ల కావచ్చు. నేను కరెంటు మనిషినే గానీ చెవుల మనిషిని కాను కదా. ఏ చెవిలో? తల తిరుగుతోందా? అన్నయ్యకి కూడా ఈ కాగితం చూపించి, చెవి డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళండి.

ఇక్కడ సొరంగంలో మూడున్నర కిలోమీటర్ల లోపలికి వెళ్ళాం. ఆ పొడవునా నా దీపాలే. గాలి తోడే ఫ్యాన్ల మోత ఎంతంటే, పక్కవాడు తిట్టినా పొగిడినా తల ఊపేస్తాం. నా కింద పద్దెనిమిది మంది పనిచేస్తున్నారు. అందరికీ చెవుల్లో దూది పెట్టుకోమని రోజూ చెప్తాను, నేను మాత్రం మర్చిపోతాను. అందుకే నీ హోరు చదివి నాకంత గుబులు.

ఫోను కలవదని నీకు తెలుసు. సిగ్నలు కావాలంటే జీపులో కొండ మలుపు దాకా వెళ్ళాలి. టపా వ్యాను మూడు రోజులకోసారి వస్తుంది. వెంటనే జవాబు రాయి.

పిడుగు


జూన్ 9

పిడుగూ,

హోరు నా చెవుల్లో కాదే తల్లీ, పెట్టెలో!

తప్పు నాదే, స్పీకర్లలో అని రాయాల్సింది. నువ్వు రాసింది మీ అన్నయ్య నాకన్నా ముందు చదివేశారు. నేను పలక అందుకునే లోపలే రిక్షా వచ్చి గుమ్మం ముందు ఆగింది. చెవి డాక్టరు గంటసేపు గంటలు మోగించి, చీటీలు రాసి, చివరికి "ఈమెకి ఇరవయ్యేళ్ళ పిల్ల చెవులున్నాయి, మీరెందుకొచ్చారు?" అని మీ అన్నయ్యని అడిగాడు. ఆయన నావైపు చూశారు. నేను పలక మీద "పెట్టెలో" అని రాశాను. డాక్టరు నవ్వు ఆపుకోలేక అద్దాలు తుడుచుకున్నాడు. దారంతా మీ అన్నయ్య రిక్షావాడితోనే మాట్లాడారు.

సరే, ఆ చెవులతోనే చెప్తున్నాను, విను. హోరు ఒక గొంతు కాదు, రెండు. ఒకటి బాగా కింద, బొంగురుగా. దాని మీద సరిగ్గా ఒక స్థాయి పైన ఇంకొకటి, సన్నగా జుయ్‌మంటూ. సన్నది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పట్టించుకోకపోతే వినపడదు. కిందిదే అసలు దుర్మార్గురాలు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పెద్దగా ఉంటుంది. తగ్గిపోతుంది. మళ్ళీ సాయంత్రం అందుకుంటుంది. నా పాట శ్రుతికి అది వెంట్రుకవాసి పైన ఉంది. దాంతో పాట వింటుంటే మంచి బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టుంది.

ఇంకొకటి. ముల్లు ఉన్న ఇనప చేతిని వేళ్ళతో పట్టుకుంటే హోరు తగ్గుతోంది. వదిలేస్తే మళ్ళీ మొదలు. పట్టుకున్నప్పుడు వేళ్ళలో చిమచిమమంటుంది. పొద్దునపూట కాస్త గట్టిగానే.

ఇది నీకు మాత్రమే. నేను ఆ రికార్డు పెట్టగానే మీ అన్నయ్య చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోతున్నారు. మొదటి రోజు కూర్చున్నారు, అంతే. వెతికి తెచ్చిన మనిషే వినలేకపోతున్నారంటే నా పాట ఎంత బాగుందో తెలుస్తూనే ఉంది.

నీ వదిన, ఇరవయ్యేళ్ళ చెవులది


జూన్ 12

వదినా,

నవ్వి నవ్వి అన్నం మెతుకులు ముక్కులోకి పోయాయి. అన్నయ్యకి మాత్రం చూపించకు.

ఇక పనిలోకి వద్దాం. నువ్వు రాసినంత వివరంగా నా మనుషులు మీటరు చూసి కూడా రాయరు. పైన వినిపించే సన్న గొంతు యాంప్లిఫయరుది. వయసు మీద పడ్డ పెట్టెలకి అది ఉండేదే, దానివల్ల ఎవరి ప్రాణమూ పోదు. కిందిది మాత్రం బయటి నుంచి, గోడలో కరెంటు నుంచి చేరుతోంది. ముల్లు దగ్గర పుట్టే పాట చీమ అడుగంత చిన్నది. దాన్ని యాంప్లిఫయరు ఏనుగంత చేస్తుంది. పాటతోపాటు ఏ చిన్న కరెంటు దూరినా అదీ ఏనుగే అవుతుంది. అలా దూరకుండా దాన్ని నేలలోకి దింపేయడానికే ఎర్తు వైరు.

ప్లేయరు వెనక నుంచి పాట వైర్లతోపాటు సన్నటి ఆకుపచ్చ వైరు ఒకటి రావాలి, చివర చిన్న పంగలాంటి బిళ్ళ. అది యాంప్లిఫయరు వెనక ఒక స్క్రూ కింద బిగించాలి. ఉందో లేదో చూడు. అలాగే ప్లేయరుని యాంప్లిఫయరుకి దూరంగా జరిపి...

వదినా, నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. చిమచిమ అన్నావు. పొద్దునపూట గట్టిగా అన్నావు. నాకు మొదటిసారే తట్టలేదు, నవ్వులో పడిపోయాను. దాన్ని ఇక ముట్టుకోకు. పెట్టెని, ముల్లుని, దేన్నీ వద్దు. గోడ దగ్గర స్విచ్చి ఆపెయ్యి. అది మీ ప్లేయరు జబ్బు కాకపోవచ్చు. ఇంటి ఎర్తు పనిచేయకపోతేనే అలా కుడుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్టులో ఎర్తు ఉందో లేదో చూపించండి. జీపు దొరికింది, మలుపు దాకా వెళ్ళి ఫోను చేసొస్తాను.

వచ్చాను. అన్నయ్య ఎత్తాడు. సగంలో తెగింది గానీ "సరే, సరే" అన్నాడు. విన్నాడనే అనుకుంటున్నాను.

పిడుగు


జూన్ 15

పిడుగూ,

మీ అన్నయ్య విన్నదేమిటో చెప్తాను, కూర్చుని చదువు.

నువ్వు అన్నది "వదినని దాన్ని ముట్టుకోవద్దని చెప్పు, గోడ దగ్గర ఆపెయ్యమను" అయి ఉంటుంది. ఆయన చెవిన పడింది "వదినని ముట్టుకోవద్దు. గోడ దగ్గర ఆపెయ్". ఇక చూడు. గొంతులో ఏదో అంటుకునే జబ్బు ఉందనీ, అది నీకెలాగో తెలిసిందనీ, నాకు చెప్తే దిగులుపడతాననీ ఆయనే అనుకున్నారు. మూడు రోజులు! గోడ దాకా వచ్చి అక్కడే ఆగిపోతారు. నా కాఫీ గ్లాసుని బల్ల మీద చిటికెనవేలితో నావైపు తోస్తారు. ఎందుకని పలక మీద రాస్తే "ఏం లేదు, ఏం లేదు" అని జాలిగా చూస్తారు. ఇక నేను పోతానేమో, అందరికీ తెలుసు, నాకొక్కదానికే చెప్పడం లేదు అనుకున్నాను. రెండో రోజు కూర్చుని నా చీరలు ఎవరెవరికో చీటీ కూడా రాశాను. నీకు ఆ ఊదారంగుది.

ఈ పొద్దున నీ ఉత్తరం వచ్చింది. ఇద్దరం కలిసి చదివాం. ఆయన గోడ దగ్గర నుంచి నడిచొచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు. చీరల చీటీ చింపేశాను, ఊదాది ఆశించకు.

ఎలక్ట్రీషియను వచ్చి టెస్టరు పెట్టాడు. మన ఇంట్లోనే కాదు, పక్కింట్లోనూ పైవాళ్ళింట్లోనూ కూడా ఎర్తు చచ్చిపోయి ఉంది. చచ్చి ఊరుకోలేదు, అందులో కరెంటు తిరుగుతోందట. బిల్డింగు మొత్తానికీ ఒకటే ఎర్తు గొయ్యి, అందరి కార్లూ పెట్టే షెడ్డు కింద. బిల్డింగు సెక్రటరీ గారిని, అదే ఆ కలప వ్యాపారిని, పిలిచి చెప్పాం. మూణ్ణెల్ల కిందటే షెడ్డులో కొత్త బండలు పరిపించాడు, వాటి మీద ఆయనకి కన్నబిడ్డంత ప్రేమ. "పాత పాటల పెట్టె గుయ్‌మందని బండలు పగలగొట్టిస్తామా అమ్మా? ఎలుక కోసం కొండ తవ్వినట్టుంటుంది" అన్నాడు. నేను పలక మీద జవాబు రాస్తుండగానే వెళ్ళిపోయాడు. నోరున్న రోజుల్లో అయితే మెట్ల మలుపు దాకా తరిమేదాన్ని.

నువ్వు చెప్పిన ఆకుపచ్చ వైరు కోసం, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాకే, ప్లేయరు వెనక చూశాను. లేదు. గోరంత మొదలు మాత్రం మిగిలింది. తెగిపోయింది కాదు, కోసింది. నున్నగా, ఏటవాలుగా. ఆ కోత నాకు తెలుసు, మీ అన్నయ్య బైండింగు కత్తిది, ఇరవై తొమ్మిదేళ్ళుగా ప్రతి పుస్తకం అంచునా చూస్తున్నాను.

ప్లగ్గు మళ్ళీ పెట్టలేదు పిడుగూ. వినలేక బయటికి వెళ్తున్నారు సరే, పాట నాకు కూడా వినపడకూడదనా?

అడగలేదు. ఇలాంటివి పలక మీద రాసి అడిగేవి కావు.

వదిన


జూన్ 18

వదినా,

మూడు రోజులు నిన్ను గోడ అవతల పెట్టించినందుకు నన్ను తిట్టు, అన్నయ్యని వదిలెయ్.

వైరు సంగతికి తర్వాత వస్తాను. ముందు ప్రాణాల సంగతి. మీ బిల్డింగులో ఎవరింట్లోనో ఒక వస్తువు కరెంటు కారుస్తోంది. గీజరో, మోటారో, ఇస్త్రీ పెట్టో. ఎర్తు బాగుంటే ఆ కరెంటు నేలలోకి పోయేది, ఫ్యూజు ఎగిరిపోయేది. గొయ్యి దగ్గర ఎర్తు తెగింది కాబట్టి అది పోయే దారి లేక అన్ని ఇళ్ళ ఎర్తుల్లోకీ పాకుతోంది. నీ హోరు పొద్దునా సాయంత్రమూ పెరగడం అందుకే. ఆ వస్తువు వాడే వేళలవి. నీకు వేళ్ళలో చిమచిమమన్నది, తడి చేతులతో ఆ వస్తువు పక్కనే ఉన్నవాళ్ళకి చిమచిమతో ఆగదు.

గీజర్లన్నీ ఆపమని ఇంటింటికీ చెప్పండి. వినరనీ తెలుసు, చూపించలేనిదాన్ని ఎవరూ నమ్మరు. ఏ ఇంటిదో పట్టుకోవడానికి మీటరు పట్టిన మనిషి కావాలి. మీ ఎలక్ట్రీషియను దగ్గర టెస్టరు మాత్రమే ఉన్నట్టుంది. నాకు సెలవు రెండు వారాల్లో దొరుకుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టు.

ఇక అన్నయ్య. చిన్నప్పుడు నా పరికిణీ అంచున దారం వేలాడుతోందని కత్తిరించి మొత్తం కుట్టు ఊడదీసినవాడు. అంతకన్నా ఇప్పుడు ఏం రాయను.

పిడుగు


జూన్ 24

పిడుగూ,

నీ రెండు వారాలు ఆగలేదు. మీటరు లేకపోతేనేం, నా దగ్గర చెవులున్నాయి.

నీ ఉత్తరం అందిన మర్నాడు పలక పట్టుకుని మిగతా పదకొండు ఇళ్ళ తలుపులూ తట్టాను. "మీ కుళాయి ముట్టుకుంటే కుడుతోందా?" అని రాసి చూపించాను. తొమ్మిది ఇళ్ళవాళ్ళు లేదన్నారు. ఒకాయన నేను చందాకొచ్చాననుకుని తలుపు వేసేశాడు. కింది అంతస్తులో దర్జీ ఉన్నాడు చూడు, వాళ్ళమ్మాయి పురిటికొచ్చింది, బిడ్డకి నెల కూడా నిండలేదు. ఆ పిల్ల పలక చదివి, వెనక వాళ్ళమ్మ ఉందేమో తిరిగి చూసింది. "కుడుతోందండీ. బాలింత నరాల బలహీనత అనుకున్నాను. అమ్మకి కూడా చెప్పలేదు" అంది. బిడ్డకి నీళ్ళు పోసేది ఆ కుళాయి కిందే. రోజూ రెండుపూటలా.

ఆ గీజరు అక్కడే ఆపించాను. దర్జీ నావెంట సెక్రటరీ గారింటికి వచ్చాడు. ఆయన ఒప్పుకోలేదు. ఆడవాళ్ళ భ్రమ అన్నాడు, కొత్త గీజరు కొనుక్కోమన్నాడు. అది మారిస్తే సరిపోతుంది కదా అని అందరూ తల ఊపడం మొదలెట్టారు. ఎర్తు తెగే ఉంటే రేపు ఇంకో ఇంట్లో ఇంకొకటి కారదా? ఎలక్ట్రీషియను చెప్పాడు, ఎవరూ వినలేదు. అప్పుడు పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను. "ఆదివారం పదింటికి మా ఇంటికి రండి. వినిపిస్తాను."

వచ్చారు. ముందుగది నిండిపోయింది, గుమ్మంలో కూడా నిలబడ్డారు. ప్లగ్గు పెట్టకముందే శబ్దం మీట పెంచి ఉంచాను, పెట్టె చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టాను, ఎవరూ ముట్టుకోకుండా. గోడ స్విచ్చి మాత్రం వేశాను. కింద దర్జీ ఇంట్లో ఎలక్ట్రీషియను చేతికి తొడుగు వేసుకుని గీజరు స్విచ్చి దగ్గర, చేతిలో గడియారం, కాగితం. ఇంట్లో మిగతావాళ్ళని బయట నిలబెట్టాడు. తన ఇష్టం వచ్చినప్పుడు వేస్తాడు, ఆపుతాడు, టైము రాసుకుంటాడు. పైన నేను గోడవైపు తిరిగి కూర్చుని చెయ్యి ఎత్తుతాను, దింపుతాను. సెక్రటరీ గారే టైము రాసుకోవాలి. నేను ఎత్తినది ఆయన కాగితంలో, కింద వేసినది ఎలక్ట్రీషియను కాగితంలో.

మొదట ఏమీ లేదు. సన్న గొంతు ఒక్కటే. జనం కాళ్ళు మార్చుకుంటున్నారు, ఎవరో దగ్గారు. నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడొచ్చింది కిందిది, నా గుండె అడుగున ఎవరో వేలితో మీటినట్టు. చెయ్యి ఎత్తాను. ఆగింది, దింపాను. మళ్ళీ వచ్చింది. మధ్యలో పైవాళ్ళింట్లో మిక్సీ వేశారు, గది గరగరలాడింది. అందరూ నావైపు చూశారు. నేను చెయ్యి కదపలేదు. అది వేరే గొంతు.

పావుగంట అయ్యాక ఎలక్ట్రీషియను పైకొచ్చాడు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. తొమ్మిది సార్లు వేశాడు, తొమ్మిది సార్లు ఎత్తాను. నిమిషం కూడా తేడా లేకుండా కలిశాయి. సెక్రటరీ గారు రెండు కాగితాలూ పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. ఆయనే అన్నాడు, "ఏ బండ దగ్గర తవ్వాలి?"

పగలగొట్టారు. బండలు పరిచినప్పుడు అడ్డొచ్చిందని ఎర్తు గొయ్యిలోకి దిగే రాగి పట్టీని కోసి పక్కకి మడిచి పైన సిమెంటు పోసేశారు. మూడు నెలలు పన్నెండు ఇళ్ళూ ఆ మడత మీద బతికాయి. సాయంత్రానికల్లా కొత్త పట్టీ వేసి గొయ్యిలో దింపారు. దర్జీ ఇంట్లో ఆ గీజరు మళ్ళీ వేసి చూస్తే వెంటనే ఫ్యూజు ఎగిరింది. దర్జీ నా దగ్గరికొచ్చి, నా జాకెట్లన్నీ ఇకనుంచీ తనే కుడతానన్నాడు. సెక్రటరీ గారు వెళ్తూ వెళ్తూ "మీరు మాట్లాడకుండానే ఇంత చేశారు, మాటొస్తే మా గతేమిటమ్మా" అన్నాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆ పూట బిల్డింగంతటికీ నేనే రాణిని. కానీ అందరూ వెళ్ళాక రికార్డు పెట్టాను. చిమచిమ పోయింది. పొద్దున సాయంత్రం పెరగడమూ పోయింది. కింది గొంతు మాత్రం చిన్నదై ఇంకా ఉంది. మీ అన్నయ్య ఈసారీ చెప్పులు వేసుకున్నారు.

వదిన


జూన్ 28

వదినా,

నీ ఉత్తరాన్ని భోజనాల షెడ్డులో పైకి చదివాను. పద్దెనిమిది మందీ బల్లలు చరిచారు. మా ఇంజనీరు "ఆవిడని ఇక్కడికి పంపమను, నెలకి ఎంతైనా ఇద్దాం" అన్నాడు. నేను పాతికేళ్ళుగా మీటర్లు పట్టుకుని తిరుగుతున్నాను. నువ్వు చెయ్యి ఎత్తి చేసిన పని మాత్రం నావల్ల కాదు.

మిగిలిన హోరు ఆ కోసిన వైరుదే. ఈ కవరులో ఆకుపచ్చ వైరు పెట్టాను, మూరన్నర. రెండు చివర్లా బిళ్ళలు నేనే నొక్కాను. ఒక చివర ప్లేయరు కింద లోహపు చట్రానికున్న స్క్రూకి, రెండోది యాంప్లిఫయరు వెనక స్క్రూకి. ప్లగ్గులు పీకాకే.

ఒక్క మాట విను. దీన్ని అన్నయ్య చేతికివ్వు. పలక మీద ఏమీ రాయకు. ఊరికే ఇచ్చి చూడు.

పిడుగు


జూలై 9

పిడుగూ,

ఇచ్చాను. ఏమీ రాయలేదు.

ఆయన కవరులోంచి వైరు తీసి, చివర్లు చూసి, అలాగే కుర్చీలో కూర్చుండిపోయారు. అప్పుడు చెప్పారు.

"నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చే ముందు రోజు అన్నీ సర్దుతున్నాను. ఇది ఒక్కటీ దేనికీ అతకకుండా వెనక వేలాడుతోంది. చూడ్డానికి బాగాలేదని కోసేశాను. నువ్వు రాగానే పాట పెట్టాను, హోరొచ్చింది. నువ్వు ఏడ్చావు. నీ పాట నేనే పాడుచేశానని నీకెలా చెప్పను? ముప్పై ఏళ్ళకి దొరికినదాన్ని. పెట్టినప్పుడల్లా నీ మొహం చూడలేక వీధి చివరిదాకా వెళ్ళి నిలబడేవాణ్ణి."

వీధి చివరన నిలబడేవారట. నేను ఇంట్లో ఏడుస్తుంటే ఆయన అక్కడ. పలక తీసి ఒక్క ముక్క రాశాను: "బిగించండి."

బిగించారు. స్విచ్చి వేశాం. ముల్లు దింపాం. పిడుగూ, నిశ్శబ్దం కూడా వినిపిస్తుందని నాకు అప్పుడు తెలిసింది. ముల్లు గరగర, అంతే. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. తర్వాత నేను ఊపిరి తీసుకున్న చప్పుడు. ఇరవై రెండేళ్ళ నేను.

మొదటిసారి ఊరికే విన్నాను. రెండోసారి బళ్ళో పిల్లల పరీక్షకి కూర్చున్నట్టు కూర్చున్నాను, చేతిలో కాగితం, కలం. హార్మోనియం ఇచ్చిన శ్రుతిని పట్టుకుని చివరిదాకా వదల్లేదు. పైస్థాయికి వెళ్ళాను, నిలబడ్డాను, అక్కడే ఉన్నాను. కదిలింది నేను కాదు, వెనక వాయులీనం. అది వాయించినాయన పైస్థాయిలో వేలు కాస్త ముందుకేశాడు, అక్కడ నుంచి దిగలేదు. ఇద్దరం పక్కపక్కన నడుస్తుంటే ఒకరు గట్టు మీదికెక్కి, రెండోవాళ్ళు గుంటలో పడ్డారన్నట్టుంది. చివర మళ్ళీ హార్మోనియం వచ్చింది చూడు, అది నా దగ్గరికే వచ్చి చేరింది. అయిదుసార్లు విన్నాను. బడి నుంచి శ్రుతి చూసే ఫోర్కు తెప్పించి మరీ చూశాను. మన హోరు కూడా వెంట్రుకవాసి పైనుండి నన్ను కిందికి నెట్టిందన్నమాట, ఆ వాయులీనంలాగే.

ఆ పెద్దమనిషి ఎవరి పేరు చెప్పాలో చూసుకుని, పేరున్న వాయులీనం ఆయన్ని వదిలేసి, తప్పంతా ఊరూ పేరూ లేని పిల్ల మీద వేశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కాగితం మీద మార్కులు వేశాను, నూటికి నూరు. కింద సంతకం కూడా చేశాను. మీ అన్నయ్య ఆ కాగితం తీసుకెళ్ళి అట్ట కట్టుకొచ్చారు, బంగారు అంచుతో. ఈసారి చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

మొన్న ఆరో తారీకున డాక్టరు నోరు విప్పమన్నాడు. రోజుకి అయిదు నిమిషాలు. మొదటి మాట ఏమనాలా అని వారం నుంచి ఆలోచించి పెట్టుకున్నాను. మీ అన్నయ్యకి ఏదో మంచి మాట. ఇంటికొచ్చేసరికి ఆయన కత్తి పట్టుకుని ప్లేయరు వెనక వంగి, మిగిలిన వైరు పొడవు చూస్తున్నారు. "ముట్టుకోకండి" అన్నాను. అదే నా మొదటి మాట. కత్తి కింద పడింది. ఇద్దరం ఎంతసేపు నవ్వామో, నా అయిదు నిమిషాలూ నవ్వులోనే అయిపోయాయి.

గొంతు మారింది పిడుగూ. ముందే చెప్పాడు డాక్టరు, పాతది రాకపోవచ్చని. మూడు మెట్లు కిందికి దిగింది, కాస్త గరుకు. వినగానే ఎవరో పక్కింటావిడ అనుకున్నాను. పిల్లలకి ఈ గొంతుతో ఏం నేర్పుతాను అని ఆ పూట తిండి తినలేదు.

నిన్న నాకిచ్చిన అయిదు నిమిషాల్లో రికార్డు పెట్టలేదు. హార్మోనియం తీసి శ్రుతి మూడు మెట్లు దించి అదే పాట మెల్లగా అందుకున్నాను. పైస్థాయి దగ్గర ఒక్క క్షణం తడబడ్డాను. వెళ్ళాను. నిలబడ్డాను. మీ అన్నయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నారు, చివరిదాకా కదల్లేదు. దర్జీ కూతురు బిడ్డని ఎత్తుకుని గుమ్మంలో ఆగిపోయింది. ఫోర్కు మోగించి చూశాను.

శ్రుతి తప్పలేదు.

సోమవారం బడికి వెళ్తున్నాను. అయిదు నిమిషాలు నేను పాడతాను, మిగతా గంటంతా పిల్లలు పాడతారు. తప్పినచోట చెయ్యి ఎత్తుతాను.

నీ వదిన